ముగ్గు ఎక్కడ తడిసింది

రాత్రి రెండు దాటినంక
మగ్గం ఆగింది గని చప్పుడు ఆగలే.
గోడ అవతల సన్నగ, సాగదీసినట్టు,
కండె మీంచి నూలు ఊడుతున్న చప్పుడు.

పదకొండేండ్ల సంది కొత్తవాడల జంపఖానలు నేస్తున్న.
నాలుగొందల పోగుల్ల ఒక్కటి తెగితే
కండ్లకంటె ముందు చెవులకు తెలుస్తది.
ఇదీ అట్లనే తెలిసింది.

కింది పోర్షన్ల ఉండే కళావతక్క
పొద్దున్నే మెట్లెక్కి వచ్చింది.
"మా వంటింట్ల గోడ ఉబ్బింది, స్వరూపా.
సున్నం పొరలు పొరలు లేస్తుంది.
పప్పుడబ్బా మీద రాలుతుంది."
కోపం లేదు మాటల. అదే ఎక్కువ కోపమనిపించింది.

ప్లంబర్ యాకూబ్ ఫోనెత్తిండు.
చెల్లె పెండ్లికి అన్నారంల ఉన్నడట.
"ఆదివారం దాటినంక వస్త,
అప్పటిదాంక నల్ల బంద్ పెట్టుకో అక్కా."
నల్ల వచ్చేదే రోజు విడిచి రోజు.
దాన్ని ఇంకేం బంద్ పెట్టుకోవాలె?

ట్యాంకు మూత లేపిన.
పింగాణి ఇంత బరువుంటదని ఎవరూ చెప్పలే;
చంటిపిల్లను పండవెట్టినట్టు తలుపు పక్కన పండవెట్టిన.
లోపట ఒక చిన్న కార్ఖానా:
తేలే బుడ్డ, గొలుసు, అడుగున నల్ల రబ్బరు బిళ్ళ.
మీట నొక్కుడే ఎరుగుదుం గని
లోపట ఎవరు లేస్తున్నరో, ఎవరు కూసుంటున్నరో
ఎన్నడన్న చూసినమా?

పొంగు గొట్టం దాటి నీళ్ళు పోతలేవు.
మరి ఎటు పోతున్నయ్?
అద్దకం బకెట్ల మిగిలిన నీలం
చెంచెడు తెచ్చి ట్యాంకుల కలిపిన.
మీట ముట్టద్దని ఇంట్ల అందరికి చెప్పి
పీట వేసుకొని కూసున్న.
అరగంట.
మా ఆయన బయటనుంచి రెండుసార్లు దగ్గిండు.
అప్పుడు దిగింది,
తెల్ల గిన్నె వీపు మీద ఒక్క నీలి పోగు,
వంకర లేకుంట, తొందర లేకుంట.
దొంగ దొరికినప్పుడు ఇంత అందంగ ఉంటడనుకోలే.

బిళ్ళ అంచు సొట్టవోయి, గార పట్టి
ముసలి చెవితమ్మె లెక్క వేలాడుతుంది.
కడిగి, కవర్ల వేసుకొని పోచమ్మమైదాన్ పోయిన.
దుకాణపాయన నన్ను కాదు, నా ఎనుక చూసిండు,
మొగోళ్ళెవరన్న వస్తున్నరేమో అని.
"ఏ కంపెనీ?"
పాత బిళ్ళ బల్ల మీద పెట్టిన.
"దీని తమ్ముణ్ణి ఇయ్యి."
నవ్విండు. ఎనభై రూపాయలు.
తెల్లటేపు చుట్ట ఇంకో ఇరవై.

కొత్త బిళ్ళ కూసుంది. గొలుసు రెండు లంకెలు తగ్గించిన:
పొడుగైతే బిళ్ళ కింద ఇరుక్కుంటది,
మరీ కురుచైతే మూసుకోదు.
బిగువు ఎంతుండాల్నో వేళ్ళే చెప్పినయ్.
చప్పుడు ఆగింది.
చేతులు కడుక్కొని గెలిచిన అనుకున్న.

తెల్లారి కళావతక్క మళ్ళ మెట్లెక్కింది.
ఏం అనలే. పప్పుడబ్బా మూత చూపించింది.

అంటే ఇంకోటి ఉన్నది.
చప్పుడు చేయనిది.

ముగ్గుడబ్బా యాదికొచ్చింది.
నేలంతా బట్టతో ఒత్తి తుడిచి
కమోడు చుట్టూ పిండి పోసిన, సన్నగ, తెగకుంట.
మాపటికి చూస్తే ముందల పొడి. కుడి పక్క పొడి.
ఎనుక, గోడ దిక్కు, వేలెడంత
బూడిదరంగుకు తిరిగి ముద్దయింది.
తల గోడకు ఆనిచ్చి, టార్చి వేసి చూసిన:
పైపు నట్టు కింద ఒక చుక్క
పడాల్నా వద్దా అని వేలాడుతుంది.

మూల నల్ల బంద్ చేసి నట్టు ఇప్పిన.
టేపు చుట్టిన. మళ్ళ కారింది.
చుట్టింది ఎడమకు, కండె చుట్టిన అలవాటు.
మర తిరిగే దిక్కుకే టేపు తిరగాలెనట;
ఇంతసేపు సాయమొచ్చిన చెయ్యే
ఆ ఒక్క కాడ తప్పు చెప్పింది.
ఇప్పి, కుడికి ఐదు చుట్లు.
చేత్తో బిగించి, పానతో ఇంకో పావు తిప్పు. చాలు,
ఎక్కువైతే పగులుతది.

తడిసిన పిండి ఊడ్చి
మళ్ళ పొడి ముగ్గు పోసి పండుకున్న.

పొద్దున అత్తమ్మ తలుపు తీసి ఆగిపోయింది.
"ఇదేం పండుగనే, లెట్రీన్ల ముగ్గేసినవ్?"
"తొక్కకు అత్తమ్మా, పక్క నుంచి పో.
ఇంకో దినం చూడాలె."